మట్టి పూత కింద మా కొట్టు పేరు

మా కొట్లో అమ్మకానికి పెట్టని గుండిగలు రెండున్నాయి. ఇత్తడివి. పెళ్లి బంతికి సరిపడా అన్నం వండుకోవచ్చు ఒక్కోదానిలో. గుమ్మం దాటగానే కుడిపక్క బల్ల కింద ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటి పొట్ట మీద మూరెడు మేర ఉన్న మచ్చ చూసి, "ఇదేటి బాబూ, ఈ ఒక్కచోటే ఇంత తళతళలాడతన్నాది?" అని అడుగుతారు. మా ఆవిడ అక్కడే ఉంటే నా వైపు చూసి నవ్వి, "ఆయన్నే అడగండి" అంటుంది.

ఆ మచ్చ ఉన్న చోట ఒకప్పుడు నా పేరుండేది. చెరిపింది కూడా నేనే. ఈ వయసులో నేను నలుగురిలో గర్వంగా చెప్పుకునే పని ఏదైనా ఉంటే అదే.

కోటబొమ్మాళిలో రైల్వేస్టేషను నుంచి బజారుకి వచ్చే దారిలో ఉంది మా కొట్టు. మా నాన్న పెట్టాడు. స్టీలు, ఇత్తడి, సత్తు సామాను అమ్ముతాం. ఊళ్లో అలాంటి కొట్లు ఇంకా ఉన్నా, మా కొట్టుకి ఒక ప్రత్యేకత ఉండేది. మా నాన్న గిన్నెల మీద పేర్లు రాసేవాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి. టిక్ టిక్ మని చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోతే చివరికి ఒక ఇంటి పేరు, ఒక మనిషి పేరు, పక్కన ఒక చిలక తేలేవి. పెళ్లిలో చదివించే గిన్నె మీద ఇచ్చినవాళ్ల పేరు ఉండాలి కదా. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అక్షరం చూసి "ఇది కోటబొమ్మాళి సావుకారు చెయ్యి" అనేవారు. నాకూ ఆ విద్య నేర్పాడు. నా కాలానికి కరెంటు మిషను వచ్చింది, ఉలి గూట్లోకి వెళ్లింది. అక్షరం మాత్రం నాన్నదే. నా రాత బాగుంటుందని నలుగురూ అంటుంటే విని విని, ఆ బాగున్నదాన్ని నలుగురి కళ్లూ చూస్తూనే ఉండాలన్న జబ్బు పట్టుకుంది నాకు.

కరోనా వచ్చి వెళ్లాక మా వ్యాపారం బాగా పడిపోయింది. మా చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లు చాలామంది చెన్నై, హైదరాబాదు వెళ్లి తాపీ పని, సెంట్రింగు పని చేస్తారు. ఆ పనులు ఆగిపోయి ఇళ్లకు వచ్చేశారు. మళ్లీ వెళ్లినవాళ్లకి కూడా వారంలో సగం రోజులే పని. పెళ్లిళ్లు ఆగలేదు గాని, పెళ్లికూతురితో అత్తారింటికి పంపే సారె సామాను చిక్కిపోయింది. ఇదివరకు ఎడ్లబండికి సరిపడా కొనే ఇంటివాళ్లు ఒక బిందె, ఒక పళ్లెం తీసుకుని మొహం చాటేసి వెళ్లిపోయేవారు. కాస్త ఉన్నవాళ్లు ఫోన్లో నొక్కితే కుక్కరు అట్టపెట్టెలో ఇంటికే వచ్చేది. మధ్యాహ్నాలు నేను గల్లా పెట్టె ముందు కూచుని వీధిలో పోయేవాళ్ల చెప్పులు చూస్తుండేవాణ్ణి.

మా బావమరిది భోగాపురంలో ఉంటాడు. అక్కడ విమానాశ్రయం పనులు మొదలయ్యాక రోడ్డు పక్కన హోటలు పెట్టాడు. మంచివాడే, నోరు మాత్రం కాస్త పదును. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"బావా, ఇక్కడ రేపో మాపో విమానాలు దిగుతాయి. నీ కొట్లో ఈగలు దిగుతన్నాయి. కొట్టు మూసీ. వచ్చి నా కౌంటర్లో కూసో."

"మీ అక్కని అడుగు" అనేవాణ్ణి.

"అక్క ఏటంటాది? నువ్వెక్కడుంటే అక్కడ గిన్నెలు తుడుచుకుంటాది."

చివరికి, దసరా దాకా చూస్తానని, అప్పటికీ కొట్టు లేవకపోతే వచ్చేస్తానని మాటిచ్చాను. మా ఆవిడ పక్కనే ఉండి వింది. మర్నాడు పొద్దున్న మామూలుగానే పొడిగుడ్డ తీసుకుని, అమ్ముడుపోని గిన్నెలన్నీ ఒక్కొక్కటే తుడిచి, పెద్దవి కిందా చిన్నవి పైనా పేర్చింది. అమ్ముడుపోవని తెలిసి కూడా అంత శ్రద్ధగా తుడుస్తుంటే నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

చేసింది ఫ్లెక్సీ. నా ఫొటో పెట్టి, రెండు చేతులూ జోడించి, వెనకాల సూర్యకిరణాలు వచ్చేలా వేయించాను. ఒకటి మా ఊరి జంక్షన్లో, ఒకటి కళింగపట్నం బీచికి వెళ్లే రోడ్డులో కట్టించాను. బీచికి వెళ్లే జనం చూస్తారని నా లెక్క. సముద్రం చూడ్డానికి వెళ్లేవాడు దారిలో బిందె ఎందుకు కొంటాడని మా ఆవిడ అడిగింది. నీకు తెలీదులే అన్నాను. వానాకాలం మొదట్లో పెద్ద గాలి వీచింది. జంక్షన్లోది చిరిగిపోయింది. రెండోది ఏమైందో చూద్దామని ఒకరోజు బండి మీద వెళ్లాను. కట్టిన చోట కర్రలే ఉన్నాయి. కళింగపట్నం దాకా వెళ్లి ఇసకలో బండి ఆపితే, ఎండబెట్టిన చేపల వరసల మధ్య నా ఫ్లెక్సీ కనపడింది. వెల్లకిలా పరిచి ఉంది. నా బుగ్గల మీద, జోడించిన చేతుల మీద నెత్తళ్లు ఎండుతున్నాయి. చేప సంగతి సరే, మా ఇంట్లో పండగపూట ఉల్లిపాయ కూడా తినం.

చేపలు తిరగేస్తున్న ఆవిడ నన్ను చూసి, కింద ఫ్లెక్సీ చూసి, మళ్లీ నన్ను చూసింది.

"ఓలమ్మ! ఇది నువ్వే కదేటి బాబూ!"

"నేనేనమ్మా."

"ఏటనుకోకు. గాలికి కొట్టుకొచ్చినాది. మంచి పట్టా. నీరు నిలవదు." ఇంకో రెండు చేపలు తిరగేసి, "తీసీమంటావేటి?" అంది.

వద్దన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక కూలబడి నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి. అందుకే ఆ ఫ్లెక్సీ ఖర్చు దండగ అని నేనెప్పుడూ అనుకోలేదు.

నవ్వడం అయ్యాక ఆమె చెప్పిన ఆలోచనే అసలు కథ.

ఆ రెండు గుండిగలూ శ్రీకాకుళంలో వంటలు చేసే ఒకాయన ఆర్డరిస్తే తెప్పించినవి. ఆయన వంటల పని మానేశాడు. గుండిగలు మాకు మిగిలాయి. వాటిని చూపించి ఆమె అంది:

"ఏటండి, ఇవి ఊరికే పడున్నాయి. మన ఊరి టెంట్ హౌస్ మూసేశారు. శుభకార్యాలున్నవాళ్లు గిన్నెల కోసం టెక్కలి దాకా పరిగెడతన్నారు. మనం ఇద్దామండి. అద్దె వొద్దు."

"ఊరికే ఇస్తే మనకేటి వస్తాది?"

"పట్టుకెళ్లడానికొకసారి, తిరిగివ్వడానికొకసారి మన గుమ్మం ఎక్కుతారు కదా. గుమ్మం ఎక్కిన మనిషి చుట్టూ చూడకుండా ఉంటాదా?"

ముప్పయ్యేళ్లు గల్లా ముందు కూచున్నవాణ్ణి, నాకు తట్టని మాట. ఆ మాటకు ఆ రోజే మెచ్చుకోవాల్సింది. మెచ్చుకోలేదు. "సరే, దానికి నేనొకటి కలుపుతాను" అని మిషను బయటికి తీశాను. గుండిగ పొట్ట మీద కొట్టు పేరు, దాని కింద నా పేరు, దాని కింద ఫోన్ నంబరు. ఒక్కో అక్షరం రెండు వేళ్ల ఎత్తు. అటు నెమలి, ఇటు నెమలి. పూట అంతా పట్టింది. పనితనం గొప్పగా కుదిరింది, ఆ మాట ఇప్పుడైనా చెప్పాలి.

మా ఆవిడ వచ్చి చూసి, "అరువిచ్చే గిన్నె మీద ఇంతింత అక్షరాలేటండి?" అంది.

"పేరు లేకపోతే ఎవరిదో ఎలా తెలుస్తాది?"

"తెలియకూడదనే కదా వాళ్ల బాధ."

ఆ మాట నాకు వినపడింది. వినపడనట్టు నెమలి తోక దిద్దుకున్నాను.

మొదటిసారి అవి వెళ్లింది మా ఊరికి దగ్గర్లో ఉన్న ఒక పల్లెకి. అక్కడ ఒక రైతు ఇంట్లో పెద్దావిడ మనవరాలి పెళ్లి. ఆవిడ కొడుకు, అంటే పెళ్లికూతురి తండ్రి, చెన్నైలో తాపీ మేస్త్రి. పని లేక ఇంటికి వచ్చేసి ఉన్నాడు. పెద్దావిడే ఆటోలో వచ్చి గుండిగలు ఎక్కించుకుంది. అక్షరాల మీద చెయ్యి వేసి, "ఇదేటి సావుకారూ?" అంది. "కొట్టు పేరమ్మా" అన్నాను. ఆవిడ ఆటో ఎక్కుతూ పెళ్లికి రమ్మని పిలిచింది.

వెళ్లాను. ఆశీర్వదించడానికని చెప్పాను గాని, నా అక్షరాలు జనం ఎలా చూస్తున్నారో చూడాలని వెళ్లాను. పందిట్లో అటూ ఇటూ చూశాను. గాడిపొయ్యి మీంచి దించిన గుండిగలు వడ్డన దగ్గర పెట్టి ఉన్నాయి. వాటి మీద నా పేరు లేదు. నెమళ్లు లేవు. అడుగు నుంచి అంచు దాకా మందంగా బంకమట్టి పూసి ఉంది. మంటకి కాలి, మసి పట్టి, పాతకాలపు కుండల్లా ఉన్నాయి.

కట్టెల పొయ్యి మీద పెట్టే ఏ గిన్నెకైనా ముందు మట్టి పూస్తారు. మసి మట్టికి పడుతుంది, తోమేటప్పుడు మట్టితో పాటు రాలిపోతుంది. మా వైపు చిన్నపిల్లకి కూడా తెలిసిన సంగతి. నేను పుట్టినప్పటి నుంచీ గిన్నెలు అమ్మినవాణ్ణే గాని, పొయ్యి మీద పెట్టినవాణ్ణి కాను. పేరు రాయడానికి గిన్నె మొత్తంలో మట్టి పూసే చోటే వెతికి పట్టుకున్నాను.

అక్కడితో నవ్వుకుని, భోజనం చేసి వచ్చేస్తే సరిపోయేది. నాకు ఉక్రోషం వచ్చింది. పూట అంతా చేసిన పని మట్టిపాలైందనిపించింది. ఎవరూ అడగలేదు. పక్కన నీళ్ల బకెట్టు, కొబ్బరి పీచు కనపడ్డాయి. "మట్టి రాలి అన్నంలో పడుతుంది, కాస్త తుడుస్తాను" అని నాకు నేనే అబద్ధం చెప్పుకుని, ముందున్న గుండిగ మీద మట్టి నానబెట్టి గీకాను. కొట్టు పేరు బయటపడింది. నా పేరు బయటపడింది. నెమలి కూడా బయటపడింది. ఇత్తడి మీద ఎండపడి మెరిసింది.

బంతిలో కూచున్న పెళ్లికొడుకు మేనమామ చూశాడు. సరదా మనిషి, గట్టి గొంతు.

"ఒరే, గుండిగ మీద ఏటో రాసుందిరోయ్!" అని కొట్టు పేరు పైకి చదివాడు. తర్వాత అంకెలు చదివాడు. "ఫోన్ నంబరు కూడా ఉన్నాది! పప్పు సాలకపోతే ఈ నంబరుకి సెయ్యండర్రా!"

బంతంతా నవ్వింది. ఎవరో, "గుండిగలు కూడా అరువేనేటి మావా?" అన్నారు. మళ్లీ నవ్వారు. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు, పెళ్లిలో వేళాకోళం మామూలే. కాని పప్పు బకెట్టుతో వరసలో నడుస్తున్న పెళ్లికూతురి తండ్రి అక్కడే ఆగిపోయాడు. చేతిలో గరిటె పట్టుకుని కిందికి చూశాడు. అంత పెద్ద మనిషి మెడ అలా వంగిపోవడం నా వల్ల జరిగింది.

పెద్దావిడ నన్ను చూసింది. నా చేతిలో పీచు చూసింది. కోపపడలేదు. దగ్గరకొచ్చి, "సెయ్యి కడుక్కుని కూసో బాబూ, తిను" అని తనే ఆకు వేసి వడ్డించింది. ఆవిడ ఎదురుగా నిలబడి నేను తినేదాకా కదల్లేదు.

మర్నాడు గుండిగలు ఆటోలో వచ్చాయి. చింతపండు, బూడిద పెట్టి తోమి పంపారు. కొన్నప్పుడు కూడా అంత మెరుపు లేదు. మా ఆవిడ ఒకదాని లోపల చెయ్యి పెట్టి చూసింది. రెండోదానిలోనూ చూసింది.

మా వైపు అరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. గ్లాసెడు పెరుగు తోడుకి తెచ్చుకున్నా, ఆ గ్లాసులో గుప్పెడు బియ్యమో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేకపోతే బెల్లం ముక్కో వేసి ఇస్తారు. ఎంత లేనివాళ్లయినా తప్పరు.

"ఖాళీగా వచ్చాయండి" అంది.

అప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆమె గుండిగ అంచు మీద చెయ్యి వేసుకుని అంతా వింది.

"మీ పేరు బాగా తోమి పంపించారు" అంది. అంతే.

నేను వెంటనే వెళ్లి క్షమాపణ అడిగానని రాసుకోవాలనుంది. వెళ్లలేదు. కొన్నాళ్లు దాటేశాను. కొట్లో పని ఉందని చెప్పుకున్నాను, ఏ పనీ లేని కొట్లో. ఈలోపు ఎమరీ కాగితం తెచ్చి, గుండిగల మీద రాసింది చెరపడం మొదలుపెట్టాను. రాయడానికి పట్టిన దానికన్నా చెరపడానికి చాలా ఎక్కువ పట్టింది. మిషను లోతుగా దిగింది మరి. నెమళ్లు ముందు పోయాయి. చివరిదాకా పోనిది నా పేరు. భుజం లాగేసింది. చెరిగిన చోట ఇత్తడి నునుపెక్కి, మిగతా గిన్నె కంటే ఎక్కువ మెరుస్తూ ఉండిపోయింది. ఆ మెరుపు తగ్గించడం నా వల్ల కాలేదు.

అది పూర్తయ్యాక గాని ఆ ఇంటికి వెళ్లే ధైర్యం రాలేదు. పెద్దావిడ అరుగు మీద కూచుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నిలబడే చెప్పాను, తప్పు చేశానమ్మా అని.

"కూసో" అంది. కూచున్నాను. నా ముందు కూడా కొన్ని కాయలు పోసింది. ఇద్దరం ఒలిచాం.

"నీకు నీ పేరు కనపడాల. నాకు నా పరువు కనపడాల. అంతే కదా సావుకారూ. నాకు కోపం నేదు" అంది. ఇంకో కాయ ఒలిచి, "మరిసిపోనేదు కూడా" అంది.

"నేనేం చెయ్యమంటే అది చేస్తానమ్మా" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక పాత ఇత్తడి బిందె తెచ్చింది. మెడ దగ్గర సొట్ట. పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట.

"ఈ ఇంట్లో గిన్నెల మీద మా మావ పేరుంది. మా ఆయన పేరుంది. నా కొడుకు పేరుంది. తోమింది మట్టుకు నాను. దీని మీద నా పేరు రాయి."

"అలాగేనమ్మా."

"నాకు సదువు రాదు. సేత్తో తడిమి సూసుకుంటాను. తెలిసేలాగ రాయి."

బిందె ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చాను. మిషనుతో గీస్తే గీత సన్నగా ఉంటుంది, వేలికి అందదు. గూట్లోంచి నాన్న ఉలి, సుత్తి తీశాను. చాలా ఏళ్ల తర్వాత చుక్క పక్కన చుక్క పెట్టాను. మొదటి అక్షరం వంకరపోయింది. రెండో అక్షరం నుంచి చెయ్యి దానంతటదే గుర్తు తెచ్చుకుంది. మా ఆవిడ తుడవడం ఆపి వచ్చి పక్కన కూచుంది. ఆ టిక్ టిక్ చప్పుడు మా పెళ్లయిన కొత్తలో విన్నానంది. బిందె పట్టుకెళ్లి ఇస్తే పెద్దావిడ కళ్లు మూసుకుని చూపుడువేలుతో చుక్కల వెంట నడిచింది. చివరికి వచ్చి, మళ్లీ మొదటి నుంచి నడిచింది. "పొట్టిగా ఉందేటి నా పేరు?" అంది. ఇద్దరం నవ్వాం.

ఆ వారంలో ఆ వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లు పాత గిన్నెలు పట్టుకుని కొట్టుకి వచ్చారు, తమకూ అలాగే రాయమని. నేను ధర చెప్పబోయేలోపు మా ఆవిడ అందుకుంది.

"ఊరికే రాస్తారమ్మా. కూసోండి."

వాళ్లు వెళ్లాక నాతో, "మీ చెయ్యి ఖాళీగానే ఉంది కదండి. మన పేరు ఊరికి చెప్పడం మానేసి వాళ్ల పేర్లు రాయండి" అంది. పలక మీద సుద్దతో తనే రాసింది: మీ పాత గిన్నె తెచ్చుకోండి, మీ పేరు రాస్తాం. నేను సుద్దముక్క తీసుకుని కింద కొట్టు పేరు వెయ్యబోయాను. చెయ్యి పట్టుకుంది.

"కొట్టు ముందే పెడుతున్నాం. ఇంకా పేరెందుకండి?"

జబ్బు అంత తొందరగా పోదు.

ఖర్చంటే ఒక సుద్దముక్క. ఆటోవాళ్లకి, పాలు పోసే ఆవిడకి మా ఆవిడ నోటిమాటగా చెప్పింది. మెల్లగా రావడం మొదలుపెట్టారు. విందుల్లో గిన్నెలు కలిసిపోయి ఇరుగుపొరుగుల మధ్య మాటా మాటా వస్తుంది కనుక పేరు అవసరమే. కాని చాలామంది మగవాళ్ల పేర్లు కాకుండా తమ పేర్లే అడిగారు. మెట్ల మీద వరసగా కూచుని వంతు కోసం చూస్తూ వాళ్లాడుకునే మాటలు వింటుంటే సుత్తి పట్టు తప్పేది.

"నా పేరే రాయి బాబూ. మా ఆయన పేరొద్దు. ఆయన గిన్నె ముట్టుకుంటే కదా."

"ఒసే, నీ పేరు సూస్తే మీ అత్త ఊరుకుంటాదేటి?"

"మా అత్తా? నిన్న వచ్చి గిన్నె అడుగున రాయించుకు పోనాది, ఎవలికీ కనపడకుండా. అడుగు ఆయన్ని."

నేను ఎవరి గుట్టూ చెప్పనని తల వంచుకునేవాణ్ణి. నిజానికి ఆ అత్తగారు పక్కన ఒక చిలక కూడా వేయించుకుంది.

వంతు వచ్చేదాకా ఊరికే కూచోలేక లోపలికి వచ్చేవారు. ఒకరు గరిటె, ఒకరు జల్లెడ, ఒకరు పిల్లాడి బడికి క్యారేజీ. పెద్ద బేరాలు కావు, కాని రోజూ ఉండేవి. పేరు రాసిన గిన్నె ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళుతుంటే పక్కనామె అడుగుతుంది, ఎక్కడ రాయించావని. గుండిగలకీ గిరాకీ పెరిగింది. వాటి మీద ఇప్పుడు ఏ పేరూ లేదు. కావలసినవాళ్లు పట్టుకెళ్లి తమవే అన్నట్టు దర్జాగా వండుకునేవారు. మచ్చ గుండిగలు అని వాటికి వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఇచ్చేముందు మట్టి నేనే తడిపి, నా చేత్తోనే పూసి ఇచ్చేవాణ్ణి, మచ్చ మీద కాస్త మందంగా.

దసరా దగ్గర పడింది. మా బావమరిది కారులో దిగాడు. కొట్టు ముందు చెప్పులు చూసి, లోపలికి రావడానికి దారి వెతుక్కోవలసి వచ్చింది.

"ఏటి బావా ఇది, రేషను కొట్టు పెట్టినావేటి?"

"కూర్చో. ఈ ఒక్క పేరూ అయిపోనీ."

కూచున్నాడు. చుట్టూ చూశాడు. ఊరికే రాస్తానని తెలిసి నుదురు కొట్టుకున్నాడు. "ఊరికే రాయడం, ఊరికే ఇవ్వడం. దీన్ని వ్యాపారమంటారా? సరే, మాటిచ్చినావు. ఏటి సెయ్యమంటావు చెప్పు. వస్తన్నావా?"

కొట్టు గట్టెక్కిందని చెప్పేంత ధైర్యం ఇంకా రాలేదు. ఎప్పుడు కూలుతుందో తెలియని కొట్టు కంటే వాడి కౌంటర్ నయమేమోనని ఒక్క క్షణం అనిపించింది కూడా.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. ఆ పల్లెలో అమ్మవారి సంబరానికి పెద్దావిడే గుండిగలు అడిగి తీసుకెళ్లింది. పెళ్లి తర్వాత ఆ ఇల్లు మా గిన్నె ముట్టుకోవడం అదే మొదటిసారి. తిరిగి పట్టుకొచ్చింది ఆవిడ కొడుకు. ఆ రోజు మెడ వంచుకున్న మనిషే. ఒక గుండిగని ఒక్కడే దించలేకపోయాడు. "బావూ, ఓ సెయ్యెయ్యి" అన్నాడు నాతో. ఇద్దరం పట్టి గుమ్మంలో పెట్టాం. బరువుగా ఉంది. లోపల బియ్యం. పైన బెల్లం అచ్చు, కొబ్బరి చిప్ప.

"మా అమ్మ పంపినాది" అన్నాడు. మచ్చ మీద అరచేత్తో ఒకసారి తట్టి వెళ్లిపోయాడు.

మా ఆవిడ వచ్చి బియ్యంలోకి మోచేతి దాకా చెయ్యి దించింది. అలాగే ఉంచి తమ్ముడి వైపు తిరిగింది.

"ఆయన రారురా" అంది.

"ఆయన్ని సెప్పనీవే."

"నేను రాను" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో.

వాడు మా ఇద్దరినీ చూశాడు. గుండిగని చూశాడు. "ఇంతకీ ఈ బియ్యం గుండిగలకి అద్దేనేటి?" అన్నాడు.

మెట్ల మీద కూచున్న ఆడవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. మా ఆవిడ చేటతో బియ్యం తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ పూట ఆ బియ్యమే వండింది, కాస్త బెల్లం, కొబ్బరి వేసి పరమాన్నం కూడా చేసింది. మా బావమరిది మా ఆలోచన ఎందుకు నిలవదో వివరంగా చెబుతూనే రెండోసారి వడ్డించుకున్నాడు.